'ఒకేసారి'... ఎవరికి?

'సరిగ్గా దీపం పెట్టేసరికి కరెంటొచ్చింది' అంటాం. 'ఇద్దరం ఒకేసారి వచ్చాం' అంటాం. 'ఒకేసారి' అన్న మాట మనకెంత మామూలో! కానీ ఆ మాట అందరికీ ఒకేలా వర్తించదని 1905లో తేల్చేశాడో కుర్రాడు. వయసు 26. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌ నగరంలో పేటెంట్‌ ఆఫీసు ఉద్యోగి. పేరు ఆల్బర్ట్‌ ఐన్‌స్టీన్‌!

రెండు పిడుగులు

ఈ సంగతి చెప్పడానికి ఐన్‌స్టీన్‌ ఎంచుకున్న ఉదాహరణ రైలు. కుదుపుల్లేకుండా ఒకే వేగంతో పోతోందా రైలు. చెల్లి సరిగ్గా మధ్య పెట్టెలో కూర్చుంది. అన్న బయట పట్టాల పక్కన నిలబడ్డాడు. రైలు ముందు కొసన ఒకటి, వెనక కొసన ఒకటి... రెండు పిడుగులు పడ్డాయి (కంగారు పడకండి, ఇదంతా ఊహే!). అవి పడ్డ చోట పట్టాల మీద మచ్చలు మిగిలాయి. అన్న ఉన్నది వాటికి సరిగ్గా మధ్యలో. రెండు మెరుపులూ అతనికి ఒకే క్షణంలో కనిపించాయి. దూరాలు సమానం కాబట్టి 'రెండూ ఒకేసారి పడ్డాయి' అన్నాడు.

ఆ వెలుగులు చెల్లిని చేరేలోగా రైలు కాస్త ముందుకెళ్లింది. దాంతో ముందువైపు మెరుపు ఆమెకు ముందే కనిపించింది.

'ఎదురెళ్లింది కాబట్టి త్వరగా కనిపించింది, ఇందులో వింతేముంది?' అంటారా? కిటుకంతా ఇక్కడే ఉంది. ఎదురెళ్తే బంతి మరింత వేగంగా వచ్చి తగులుతుంది. కాంతి అలా కాదు. ఎంత వేగంగా వెళ్తూ కొలిచినా శూన్యంలో దాని వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లే. చెల్లి లెక్కలో రైలు రెండు కొసలూ తనకు సమాన దూరం. రెండు వెలుగులదీ ఒకే వేగం. అయినా ఒకటి ముందొచ్చిందంటే... ఆ పిడుగు ముందు పడినట్టే! మరి ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఎవరి లెక్క వాళ్లకు నిజమే.

మనకు తెలియదేం?

ఆ తేడా మరీ చిన్నది. 300 మీటర్ల రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో దాదాపు ఒక్క ముక్కంత!

కానీ జీపీఎస్‌కు ఇలాంటి తేడాలూ లెక్కే. తిరుగుతున్న భూమ్మీద భూమధ్యరేఖ పొడవునా గడియారాలు ఉన్నాయనుకోండి. కాంతి సంకేతాలతో ఒకదాన్నిబట్టి మరొకదాన్ని సరిచేస్తూ చుట్టి వస్తే, చివరికి మొదటి గడియారంతో సుమారు 207 నానోసెకన్ల తేడా వస్తుంది. ఆపాటి సమయంలో కాంతి 62 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ సవరణ చేయకపోతే ఫోన్లోని మ్యాపు మనల్ని పక్క వీధిలో చూపించినా చూపిస్తుంది!

అలాగని విత్తుకన్నా ముందు మొక్క మొలిచినట్టు ఎవరి లెక్కలోనూ ఉండదు. కారణం ముందు, ఫలితం తర్వాత... ఆ వరస ఎవరికైనా ఒకటే. కాంతి సైతం ఒకదాన్నుంచి మరోదాన్ని అందుకోలేనంత ఎడంగా జరిగిన వాటి విషయంలోనే 'ఏది ముందు?' అన్నదానికి తలో జవాబు.