వస్త్రంపై ఉత్పతన ముద్రణ

కర్పూరపు బిళ్లను పళ్లెంలో ఉంచితే, అది కరిగి నీరు కాకుండానే నానాటికి తరిగిపోతుంది. ఘనపదార్థం ద్రవస్థితిని పొందక నేరుగా వాయువుగా మారే ఈ ప్రక్రియను ఉత్పతనం అంటారు. క్రీడాకారుల చొక్కాలు, జెండాలు, సభావేదికల వెనుక కట్టే తెరలు మొదలైనవాటిపై బొమ్మలు ముద్రించే ఒక ఆధునిక పద్ధతికి ఈ ధర్మమే ఆధారం.

ఈ పద్ధతికి పాలియెస్టర్ బట్ట కావాలి, నూలుబట్ట పనికిరాదు. ఇందులో వాడే డిస్పర్స్ రంగులు నీటిలో కరగక, సన్నని రేణువులుగా సిరాలో తేలియాడుతుంటాయి. సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి అవి వాయువుగా మారతాయి. అదే వేడికి పాలియెస్టర్ పోగులోని అణువుల అమరిక సడలి, రంగుకు దారి ఇస్తుంది. చల్లారగానే పోగు బిగుసుకొని రంగును లోపలే బంధిస్తుంది. నూలుపోగులో ఆ రంగుకు అటువంటి ఆశ్రయం లేదు. కొద్ది ఉతుకులకే బొమ్మ వెలిసిపోతుంది. ఈ సిరాలలో తెలుపు ఉండదు కనుక బట్ట తెల్లనిదై ఉండడం మేలు.

పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు రూపొందించారు. వారు పనిచేసిన సంస్థ పేరు క్యాలికో ప్రింటర్స్ అసోసియేషన్. క్యాలికో అన్న మాట కేరళలోని కోళిక్కోడ్ రేవు పేరునుండి పుట్టినదే. భారతీయ అద్దకపు బట్టల కీర్తి అంత దూరం వ్యాపించింది.

ముద్రణయంత్రాన్ని సమతలమైన నేలపై, దుమ్ములేని గదిలో నెలకొల్పాలి. గాలిలో తేమ మితంగా ఉండాలి. సముద్రతీర పట్టణాలలో ఇది చిన్న విషయం కాదు. తేమ పీల్చిన కాగితం అలలుగా లేచి, సిరా చిమ్మే శిరస్సును తాకుతుంది. దానిని మార్చవలసివస్తే ఖర్చు భారీగా ఉంటుంది. నాజిళ్లన్నీ తెరచుకొని ఉన్నాయో లేదో, కాగితం వంకర లేకుండా నడుస్తున్నదో లేదో మొదట పరీక్షించాలి. యంత్రం బొమ్మను ప్రత్యేకమైన కాగితంపై తలక్రిందులుగా కాక, అద్దంలోని ప్రతిబింబంవలె కుడియెడమలు మార్చి ముద్రిస్తుంది. ఆ కాగితాన్ని బట్టపై పరచి వేడి రోలరు క్రింద సుమారు అర నిమిషం నుండి నిమిషం వరకు అదుముతారు. వేడి ఎక్కువైతే బట్ట పసుపు వన్నెకు తిరుగుతుంది. తక్కువైతే రంగు సగమే ఎక్కుతుంది. వేడిగా ఉండగా కాగితం జరిగితే బొమ్మ ప్రక్కన నీడవంటి మరో బొమ్మ పడుతుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది రంగుల అమరికలో. కాగితంపై బొమ్మ మసకగా, వెలసినట్లు కనిపిస్తుంది. అది చూసి సిరా పెంచడం సరికాదు. నమూనా రంగుల గళ్లను ముద్రించి, బట్టపైకి ఎక్కించి, చల్లారిన తరువాత బట్టమీదనే వాటిని కొలవాలి. బట్ట, కాగితం, వేడి, వీటిలో ఏది మారినా ఆ కొలత మళ్లీ చేయవలసిందే.

వేసినప్పుడు కనబడని రంగు వేడిలో బయటపడడం తెలుగుదేశపు అద్దకం పనివారికి కొత్త సంగతి కాదు. పెడన, మచిలీపట్నం ప్రాంతపు సంప్రదాయ కలంకారీలో కరక్కాయ, పాలలో నానిన నూలుబట్టపై పటికను అచ్చులతో అద్దుతారు. రంగునిచ్చే వేళ్లతో కాగుతున్న నీటిలో ఉడికించినప్పుడు, పటిక సోకిన చోటనే ఎరుపు నిలుస్తుంది. అయితే పోలిక అక్కడితో సరి. కలంకారీ చిత్రాలను పాలియెస్టర్‌పై యంత్రంతో ముద్రించి ఆ పేరుతోనే అమ్మడం నేతవారికీ, అద్దకం పనివారికీ చేసే అన్యాయం. కొనేవారు తేడాను గుర్తించవచ్చు. ఉత్పతన ముద్రణలో బట్ట వెనుకవైపు సాధారణంగా తెల్లగా, పాలిపోయి ఉంటుంది. అంచునుండి తీసిన పోగును కాలిస్తే నూలు బూడిద అవుతుంది; పాలియెస్టర్ కరిగి గట్టి పూసగా ముడుచుకుంటుంది.