పాట, చారల దుస్తులు, అభిమాన సమూహం: హాన్షిన్ టైగర్స్ ఉదాహరణ

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక క్రీడా జట్టు అభిమానులు సమూహంగా ఎలా ఏర్పడతారో, ఓటమి కాలంలో కూడా ఆ సమూహం ఎలా నిలుస్తుందో వివరించగలుగుతారు.

నేపథ్యం

జట్టు గెలిస్తే అభిమానులు పెరుగుతారని, ఓడితే తగ్గుతారని సాధారణంగా భావిస్తాం. జపాన్‌లోని హాన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు విషయంలో ఈ భావన సరిపోదు. 1935లో ఏర్పడిన ఈ జట్టు, జాతీయ విజేతను నిర్ణయించే జపాన్ సిరీస్‌ను మొదటిసారి 1985లో, రెండోసారి 2023లో గెలిచింది. ఈ 38 ఏళ్ల నడుమ కూడా దేశంలో అత్యధిక ప్రేక్షకులు వచ్చే జట్లలో ఇది ఒకటిగా నిలిచింది.

దీనికి ఒక కారణం ప్రాంతీయత. జట్టు యజమాని ఒసాకా, కోబే నగరాలను కలిపే రైల్వే సంస్థ. 'హాన్షిన్' అనే మాట కూడా ఆ రెండు నగరాల పేర్లలోని చెరొక అక్షరంతో ఏర్పడింది. 1924లో ప్రారంభమైన కోషియెన్ మైదానం ఈ రెండు నగరాల మధ్య ఉంది. ప్రధాన ప్రత్యర్థి టోక్యోకు చెందిన యోమియురి జెయింట్స్. అందువల్ల ఈ పోటీలో రాజధానికి దీటుగా నిలవాలనే పశ్చిమ ప్రాంత ప్రజల పట్టుదల కూడా కనిపిస్తుంది.

పాట

జట్టు గీతం 1936 నాటిది. రొక్కో పర్వతం నుంచి వీచే గాలి పేరుతో అది ప్రసిద్ధమైంది. జట్టు గెలిచినప్పుడు అభిమానులు దాన్ని కలిసి పాడతారు. దీని స్వరకర్త యూజీ కొసెకి. ప్రత్యర్థి జెయింట్స్ 1963 నాటి గీతానికి స్వరం కూర్చింది కూడా ఆయనే! దీన్నిబట్టి గీతానికి బలం స్వరం వల్ల మాత్రమే రాదని, తరతరాలుగా కలిసి పాడే అలవాటు వల్ల వస్తుందని మీరు గ్రహించవచ్చు.

బ్యాటింగ్‌కు వచ్చే ఆటగాళ్లకు విడివిడిగా పాటలుంటాయి. 'ఓయెన్‌దాన్' అనే అభిమాన దళాలు బాకాలు, డప్పులతో వాటిని నడిపిస్తాయి. తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు పాడటం, ప్రత్యర్థుల వంతు రాగానే వారి అభిమానులకు అవకాశమివ్వడం అక్కడి మర్యాద.

దుస్తులు

సొంత మైదానంలో ఆటగాళ్లు తెల్లని వస్త్రంపై నల్లని నిలువు చారలున్న దుస్తులు ధరిస్తారు. అభిమానులు అవే చారల చొక్కాలు, పసుపు, నలుపు రంగుల పండుగ అంగీలు వేసుకుంటారు. దీనితో ఉద్యోగి, విద్యార్థి, దుకాణదారు అనే తేడాలు ఆట ముగిసేవరకు వెనక్కి పోతాయి. ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912 నాటి గ్రంథంలో, ఒక చిహ్నం చుట్టూ చేరిన జనంలో కలిగే సామూహిక ఉద్వేగం వారిని ఒక్కటి చేస్తుందని వివరించాడు. ఇక్కడ ఆ చిహ్నం పులి.

ఉద్వేగానికి హద్దులు

1985లో లీగ్ విజయం సాధించిన రాత్రి అభిమానులు ఒసాకాలోని దోతొన్‌బోరి కాలువలో దూకారు. అమెరికా ఆటగాడు ర్యాండీ బాస్‌ను పోలినవారు అక్కడ లేకపోవడంతో, ఒక చికెన్ దుకాణం ముందున్న గడ్డం పెద్దమనిషి బొమ్మను కాలువలో పడేశారు. తరువాతి వైఫల్యాలకు ఆ బొమ్మ శాపమే కారణమనే కథ పుట్టింది. బొమ్మ 2009లో దొరికింది. ఓటమికి కూడా అందరూ పంచుకునే కథ ఉంటే సమూహం చెదరదని ఇది చూపుతుంది. అయితే 2003లో లీగ్ గెలిచినప్పుడు కాలువలో దూకినవారిలో ఒక యువకుడు మరణించాడు. కలిపి ఉంచే ఉద్వేగమే వ్యక్తి జాగ్రత్తను మరిపించగలదు. కాబట్టి అభిమానాన్ని అధ్యయనం చేసేటప్పుడు ఈ రెండు పార్శ్వాలనూ గమనించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జట్టు గీతం బలం స్వరంలో మాత్రమే లేదని ఎలా చెప్పగలరు?
2. మీ ప్రాంతంలోని ఒక జాతరను గాని, అభిమాన సంఘాన్ని గాని తీసుకొని, అందులో పాట, దుస్తులు, చిహ్నం నిర్వహించే పాత్రను వివరించండి.