పాతాళము నుండి పునరుత్థానమునకు

ప్రాచీన హెబ్రీయుల తొలి విశ్వాసమున స్వర్గనరకములకు తావు లేదు. మరణించిన వారందఱును భూమి క్రింద నుండు 'షియోలు'ను చేరుదురని వారు తలంచిరి. తెలుగు బైబిలు దానిని పాతాళమనును. అది చీకటియు, నిశ్శబ్దమును, మఱపును నిండిన చోటు. అచ్చట రాజునకును దాసునకును, సజ్జనునకును దుర్జనునకును భేదము లేదు.

అట్లయినచో పుణ్యమునకు ఫలమేది? దీర్ఘాయువు, సంతానము, పాడిపంటలు. ఇవి యన్నియు ఈ లోకముననే లభింపవలెను. తాను గతించినను తన వంశము, తన జాతి నిలుచునన్నదే నాటివాని తృప్తి. నీతిమంతుడు కష్టములపాలగుట యేల యని యోబు గ్రంథము ప్రశ్నించెను గాని, ఈ లెక్క నాటికి మాఱలేదు.

క్రీ. పూ. 167లో అది తలక్రిందయ్యెను. సిరియా నేలిన గ్రీకు రాజు నాల్గవ అంతియొకస్ సున్నతిని, విశ్రాంతిదిన పాలనను నిషేధించెను. ధర్మశాస్త్రమును విడిచినవారు బ్రతికిరి, పాటించినవారు హతులైరి. ధర్మమే మృత్యువునకు హేతువైనపుడు, దీర్ఘాయువే ధర్మఫలమనుట యెట్లు? ఆ సంక్షోభకాలముననే రూపొందినదని పండితులు తలంచు దానియేలు గ్రంథము, మృతులలో పలువురు లేచి తమకు తగిన ఫలమును పొందుదురని ప్రకటించెను. మక్కబీయుల రెండవ గ్రంథమున ఒక తల్లియు ఆమె యేడుగురు కుమారులును ఈ నమ్మికతోనే ప్రాణములర్పింతురు. వారిలో నొకడు తన చేతులు చాచి, వీనిని ఇచ్చిన దేవుడే మరల నొసగునని చెప్పును.

ఈ విశ్వాసమును అందఱును అంగీకరింపలేదు. పరిసయ్యులు నమ్మిరి. దేవాలయమునకు సన్నిహితులైన సద్దూకయ్యులు నిరాకరించిరి. ఏడుగురు సోదరులను వరుసగ పెండ్లాడిన స్త్రీ పునరుత్థానమున ఎవరి భార్య యగునని వారు యేసును చిక్కుప్రశ్న వేసిరి. ఆ జీవితము ఈ సంసారమునకు కొనసాగింపు కాదని ఆయన బదులు చెప్పెను. అలెగ్జాండ్రియాలో ఫిలో పండితుడు గ్రీకు తత్త్వము ననుసరించి ఆత్మ యొక్క అమరత్వమును బోధించెను.

తొలి క్రైస్తవులు పరిసయ్యుల నమ్మికనే గైకొని, దానికి క్రొత్త యంశమును చేర్చిరి. యుగాంతమున అందఱికిని జరుగవలసినది యేసునందు ముందే జరిగినదని వారి ప్రకటన. క్రీ. శ. 55 ప్రాంతమున కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖలో పౌలు దేహమును విత్తనముతో పోల్చెను. గింజ మంటిలో పడి క్రొత్త రూపమున మొలచునట్లు, దేహమును మార్పు నొందునని ఆతని భావము.

మృత్యుభయము అన్ని కాలములందును ఉన్నదే. పూర్వులు ఆ భయముతోనే షియోలుతో సరిపుచ్చుకొనిరి. నిరపరాధుల రక్తము చిందిన పిమ్మటనే వారి సంతతికి అది చాలకపోయెను. హంతకునకును హతునకును ఒకే చీకటి తుదిగతి కారాదను ఆగ్రహము నుండియే ఈ ఆశ బలమును పొందినది.