మాటలు మానేశారు, నటుల్నీ మానేశారు!

జపాన్‌లో మియజాకీ బొమ్మల సినిమా అంటే జనం విరగబడతారు. మరి మనకో? మన సింగీతం శ్రీనివాసరావు లేరూ! 1957లో నాగిరెడ్డి, తెనాలి చక్రపాణి నిర్మించిన ‘మాయాబజార్’కు ఆయన కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు విజృంభిస్తుంటే పక్కనుండి పని నేర్చుకున్న కుర్రాడు.

1987లో ‘పుష్పక విమానం’ తీసి, సినిమాకు మాటలు అక్కర్లేదన్నారు. 2003లో ‘సన్ ఆఫ్ అల్లాద్దీన్’ తీసి, తెరమీద నటులూ అక్కర్లేదన్నారు! 2008లో, 76 ఏళ్ల వయసులో, మళ్లీ ఘటోత్కచుణ్ణే పట్టుకున్నారు, ఈసారి కార్టూన్ బొమ్మగా.

రంగారావు ముద్ర పక్కన ఒక గీత నిలవడమంటే మాటలా? ఆ సంగతి ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా దిగారు. గుండె ధైర్యమంటే అదీ! రేపల్లె, అడవులదీవి కుర్రకారూ, రెండు సినిమాలూ చూసి మీరే తేల్చండి: ఏది బరువు, గదా? గీతా?