తెరపై తీగలు.. చెవిలో తంబురా
మాడ్యులర్ సింథసైజర్ ‘ప్యాచ్’ల తయారీ, పంపకం ఇలా

భజన మందిరంలోనైనా, పెళ్లి పందిట్లోనైనా నేడు కీబోర్డు లేని పాట కచేరీ అరుదు. వాద్యకారుడు ఒక అంకె నొక్కితే వేణువు, మరో అంకె నొక్కితే వయొలిన్ పలుకుతుంది. ఆ ధ్వనిని ఎవరు, ఎలా తయారు చేశారన్న ప్రశ్న వినేవారికి తట్టదు. వాయించేవారికి తట్టినా ప్రయోజనం తక్కువ. మార్కెట్లో దొరికే చాలా కీబోర్డులలో సంస్థ ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకోవాలి.

ధ్వనిని మొదటి నుంచీ స్వయంగా నిర్మించుకునే మార్గం మరొకటి ఉంది. అదే మాడ్యులర్ సింథసైజర్. ఒకప్పుడు విశ్వవిద్యాలయాలకు, పెద్ద స్టూడియోలకు పరిమితమైన ఈ యంత్రం నేడు సాఫ్ట్‌వేర్ రూపంలో ఇంట్లోని కంప్యూటర్‌లోకి వచ్చింది. దానితో చేసిన ధ్వని అమరికలను ‘ప్యాచ్’లంటారు. ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు వీటిని తయారు చేసి, ఉచితంగా ఒకరికొకరు పంచుకుంటున్నారు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి సైతం ఇందులో పనికొచ్చే విషయం ఉంది.

పంక్చరైన సైకిలు ట్యూబుకు వేసే అతుకును ప్యాచ్ అనడం అందరికీ తెలుసు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఒక రంధ్రంలోని తీగను తీసి మరో రంధ్రంలో గుచ్చి ఇద్దరికి మాట కలిపేవారు. తొలి సింథసైజర్లలోనూ అదే పద్ధతి ఉండేది. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, ఏ నాబ్ ఎంతవరకు తిప్పి ఉంది అనే మొత్తం అమరికకు ప్యాచ్ అన్న పేరు స్థిరపడింది.

తీగ పీకితే ధ్వని మాయం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మూగ్ అనే ఇంజినీరు, సంగీతకర్త హెర్బర్ట్ డాయిష్ సహకారంతో 1964లో తన సింథసైజర్ తొలి నమూనాను రూపొందించారు. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా మరో దారిలో ఇటువంటి యంత్రాన్నే నిర్మించారు. ధ్వనిని పుట్టించేది ఒక విభాగం, వడకట్టేది ఒకటి, హెచ్చుతగ్గులు చేసేది మరొకటి. ఈ విభాగాలే మాడ్యూళ్లు. వీటిని తీగలతో ఎలా కలిపితే అలాంటి ధ్వని వస్తుంది.

మూగ్ యంత్రంలో కీలకం వోల్టేజీ లెక్క. ఒక వోల్టు పెంచితే ధ్వని పౌనఃపున్యం రెట్టింపవుతుంది. అంటే మధ్య షడ్జమం తారా షడ్జమానికి చేరుతుంది. కీబోర్డు మీద ఆ రెండింటి నడుమ 12 మెట్లు ఉంటాయి కనుక ఒక్కో మెట్టుకు వోల్టులో పన్నెండో వంతు. అరవై ఏళ్లు దాటినా ఈ లెక్క మారలేదు. కంప్యూటర్ తెరపై నిజమైన విద్యుత్తు లేకపోయినా అక్కడా ‘వోల్టు’ల్లోనే మాట్లాడతారు.

1968లో వెండీ కార్లోస్ బాఖ్ స్వరరచనలను మూగ్ యంత్రంపై వాయించి విడుదల చేసిన ‘స్విచ్డ్-ఆన్ బాఖ్’ రికార్డుతో ఈ వాద్యం లోకానికి తెలిసింది. ఆ యంత్రం ఒకసారికి ఒకే స్వరం పలికేది. అందువల్ల ఒక్కో వరుసను విడివిడిగా రికార్డు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చవలసి వచ్చింది. కొత్త ధ్వని కోసం తీగలు పీకితే పాత ధ్వని పోయినట్టే. మళ్లీ కావాలంటే కాగితంపై గీసుకున్న పటమే ఆధారం. ఎంత జాగ్రత్తగా గీసినా నాబ్ వెంట్రుకవాసి పక్కకు జరిగితే పూర్వపు ధ్వని రాదు.

ఈ కథలో భారతదేశానికీ చోటుంది. 1969లో అమెరికా సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ యంత్రాన్ని నెలకొల్పారు. గీతా సారాభాయ్ సహా పలువురు భారతీయులు 1972 వరకు దానిపై ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాల తరబడి సంస్థ భాండాగారంలోనే ఉండిపోయాయి. బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీయగా, ఎంపిక చేసిన భాగాలు 2023లో విడుదలయ్యాయి. అర్ధ శతాబ్దం తర్వాత ఆ ధ్వనులు వినగలుగుతున్నామంటే అది టేపు పుణ్యమే. అయితే టేపు ధ్వనిని దాస్తుంది గానీ, ఆ ధ్వని పుట్టిన తీగల అమరికను దాచలేదు. సాఫ్ట్‌వేర్ తీర్చిన లోటు సరిగ్గా ఇదే.

కంప్యూటర్‌లో బొమ్మల పెట్టె

తెరపై గీతలతో ధ్వనిని అల్లే పద్ధతికి బాటవేసిన వారిలో మిల్లర్ పకెట్ ముఖ్యులు. 1980వ దశకంలో పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధన సంస్థలో ‘మ్యాక్స్’ను, 1996లో ‘ప్యూర్ డేటా’ను ఆయన రూపొందించారు. ప్యూర్ డేటా నేటికీ ఉచితం. జర్మనీ సంస్థ తెచ్చిన ‘రియాక్టర్’ కూడా వేలాది మందికి ఈ విద్య నేర్పింది. 2017లో ఆండ్రూ బెల్ట్ విడుదల చేసిన ‘వీసీవీ ర్యాక్’ మాత్రం అచ్చం పాత యంత్రాన్ని తెరపై నిలబెట్టినట్టు ఉంటుంది. రంగురంగుల తీగలు వేలాడుతుంటాయి. మౌస్‌తో ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి లాగితే తీగ తగులుకుంటుంది. దీని మూల రూపం ఉచితం. మ్యూజిక్ స్టూడియోల కోసం ఉద్దేశించిన ‘ప్రో’ రూపానికి మాత్రం డబ్బు చెల్లించాలి.

ఒక ప్యాచ్ ఎలా తయారవుతుందో తెలియాలంటే తంబురాను మించిన ఉదాహరణ లేదు. తంబురాకు నాలుగు తంతులు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అనే వరుసలో మీటుతారు. ఒకటో శ్రుతి తీసుకుంటే సారణి, అనుసారణి సెకనుకు 130.81 కంపనాలు చేయాలి. మంద్రం అందులో సగం, అంటే 65.41. పంచమం అందులో ముప్పాతిక వంతు, అంటే 98.11.

ముందుగా ఆసిలేటర్ అనే మాడ్యూలును తెచ్చుకోవాలి. ధ్వనిని పుట్టించేది ఇదే. దాని నాబ్‌పై కుడివైపు మీట నొక్కితే అంకె రాసుకునే చోటు వస్తుంది. అక్కడ 98.11 అని రాస్తే మంద్ర స్థాయి పంచమం సిద్ధం. ఆసిలేటర్ ఇచ్చే రకరకాల తరంగాల్లో రంపపు పళ్ల ఆకారంలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అనుస్వరాలన్నీ అందులో ఉంటాయి కనుక తంతి ధ్వనికి అది అనువు. దాన్ని అలాగే వింటే మాత్రం కందిరీగ రొదలా ఉంటుంది. ఆ రొదను ఫిల్టర్‌లోకి పంపితే పై అనుస్వరాలు వడకట్టబడి మెత్తబడుతుంది. ఫిల్టర్ నుంచి యాంప్లిఫయర్‌కు తీగ వేయాలి. ఇప్పటికీ ధ్వని ఆగకుండా మోగుతూనే ఉంటుంది. తంతిని మీటినప్పుడు ఠక్కున పుట్టి మెల్లగా అణగాలి కదా! ఆ పని ‘ఎన్వలప్’ అనే మాడ్యూలుది. పుట్టుక సమయం దాదాపు సున్నా, అణిగే సమయం ఆరేడు సెకన్లు పెట్టి, దాని తీగను యాంప్లిఫయర్‌కు తగిలిస్తే తంతి మీటినట్టు వినిపిస్తుంది.

కొత్తవారు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఒకే ఆసిలేటర్‌తో నాలుగు స్వరాలూ వరుసగా పలికించబోతారు. అప్పుడు సారణి మొదలుకాగానే పంచమం తెగిపోతుంది. నిజమైన తంబురాలో ఒక తంతి మోగుతుండగానే మరో తంతి వచ్చి కలుస్తుంది. అందువల్ల ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, యాంప్లిఫయర్.. ఈ వరుసను నాలుగుసార్లు నిర్మించి, చివర మిక్సర్‌లో కలపాలి. సీక్వెన్సర్ అనే మాడ్యూలు నాలుగు తంతులనూ వంతులవారీగా మీటుతుంది.

ఇంత చేసినా తంబురా జీవం రాదు. తంతి కింద సరైన చోట సన్నని దారం జరిపితే వచ్చే ఆ గుంజారం, అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి మెరవడం వల్ల పుడుతుంది. దీని కోసం ప్రతి వరుసలోనూ రెండో ఎన్వలప్ చేర్చి, మీటిన తర్వాత ఒక సెకను వ్యవధిలో ఫిల్టర్ నెమ్మదిగా తెరుచుకునేలా అమర్చాలి. ఫిల్టర్‌లో అనునాదం కొంచెం పెంచాలి. అప్పుడు తంబురా ఛాయ కనిపిస్తుంది. పనసకర్ర బుర్ర ఇచ్చే నిండుదనం మాత్రం దీనికి లేదు. సాధనకు మాత్రం సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లోని చిన్న స్పీకర్లు మంద్ర స్థాయిని పలికించలేవు కనుక హెడ్‌ఫోన్‌తో గానీ, పెద్ద స్పీకర్‌తో గానీ వినాలి.

కీబోర్డులోని శ్రుతికీ దీనికీ తేడా ఏమిటన్న సందేహం రావచ్చు. కీబోర్డులో 12 మెట్లూ సమాన దూరంలో ఉంటాయి. షడ్జమ పంచమాల నడుమ ఉండవలసిన 3:2 నిష్పత్తికి కీబోర్డు పంచమం ఒక మెట్టులో యాభయ్యో వంతు తక్కువ. అంతరం స్వల్పమే. అయినా పైన చెప్పిన శ్రుతిలో రెండు తంతులు కలిసి మోగినప్పుడు రెండు సెకన్లకు పైగా వ్యవధిలో ఒకసారి చొప్పున ధ్వని ఉబికి తగ్గుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివిన విస్పందనాలు ఇవే. అంతర గాంధారం వద్ద తేడా ఇంకా పెద్దది. 5:4 నిష్పత్తి కంటే కీబోర్డు గాంధారం ఒక మెట్టులో ఏడో వంతు ఎక్కువ పలుకుతుంది. చెవి అలవడిన గాయకుడు దీన్ని ఇట్టే పట్టేస్తాడు. ప్యాచ్‌లో కావలసిన నిష్పత్తిని అంకెల్లో రాసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా సంగీత విద్యార్థులు దీన్ని ప్రయత్నించవచ్చు.

చిన్న ఫైలులో మొత్తం విద్య

పూర్తయిన ప్యాచ్‌ను భద్రపరిస్తే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. నాలుగు నిమిషాల ఎంపీ3 పాటకు నాలుగు మెగాబైట్ల వరకు చోటు కావాలి. ప్యాచ్‌కు సాధారణంగా కొద్ది కిలోబైట్లు చాలు. కారణం స్పష్టం. అందులో ధ్వని లేదు. ఏయే మాడ్యూళ్లు ఉన్నాయి, ఏ నాబ్ ఎంత ఉంది, ఏ తీగ ఎక్కడ తగిలింది అన్న వివరాలే ఉంటాయి. పులిహోర పంపే బదులు చేసే విధానం రాసి పంపినట్టన్నమాట. అందుకున్నవారు తెరిచి వినడంతో ఆగనక్కరలేదు. ఒక తీగ తీసి ఏం జరుగుతుందో చూడవచ్చు. చింతపండు ఎక్కువైందనిపిస్తే తగ్గించుకోవచ్చు. ఈ విద్యలో చాలామందికి గురువు ఇతరుల ప్యాచే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. వంట విధానం చేతికొచ్చినా దినుసులు ఇంట్లో లేకపోతే ఉపయోగం లేదు. ర్యాక్‌లోని వేలాది మాడ్యూళ్లను రకరకాల వ్యక్తులు, సంస్థలు తయారు చేశాయి. కొన్ని ఉచితం, కొన్ని వెలకు దొరికేవి. పంపినవారి వద్ద ఉన్న మాడ్యూలు అందుకున్నవారి వద్ద లేకపోతే ప్యాచ్ తెరిచినప్పుడు ఆ చోట ఖాళీ కనిపిస్తుంది. 2021లో ర్యాక్ రెండో తరం విడుదలైనప్పుడు ఈ బాధ పెరిగింది. మొదటి తరం కోసం చేసిన మాడ్యూళ్లు రెండో తరంలో నేరుగా పనిచేయవు. వాటిని తయారీదారులే మళ్లీ సిద్ధం చేయాలి. అలా చేయకుండా వదిలేసిన మాడ్యూళ్లపై ఆధారపడిన ప్యాచ్‌లు కొత్త సాఫ్ట్‌వేర్‌లో మూగబోయాయి. తీగ పీకితే ధ్వని పోయే రోజులు పోయాయనుకుంటే, మాడ్యూలు పోతే ధ్వని పోయే రోజులు వచ్చాయి! ఈ విషయంలో ప్యూర్ డేటా కొంత నయం. దాని ప్యాచ్‌లు మామూలు అక్షరాల ఫైళ్లు. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవవచ్చు.

ఈ కారణంగానే అనుభవజ్ఞులు పదిమందికి ఇవ్వదలచిన ప్యాచ్‌ను ర్యాక్‌తో పాటు వచ్చే మూల మాడ్యూళ్లతో, లేదంటే ఉచితంగా దొరికేవాటితో నిర్మిస్తారు. ర్యాక్ ఏ సంఖ్య గలదో, అదనంగా ఏం కావాలో ప్యాచ్ లోపలే ‘నోట్స్’ అనే మాడ్యూలులో రాసి పెడతారు. రికార్డు చేసిన ధ్వని ఫైలు వాడితే దాన్ని విడిగా జతచేయవలసి రావచ్చు. పనిలో పనిగా ప్యాచ్ ఎలా వినిపించాలో తెలిపే చిన్న రికార్డింగును కూడా పంపడం మేలు. రేపు ప్యాచ్ తెరుచుకోకపోయినా చెవికి ఆధారం మిగులుతుంది. ఇతరుల ప్యాచ్‌ను మార్చి పంచేటప్పుడు మూలకర్త పేరు చెప్పడం మర్యాద. మూలకర్త పెట్టిన లైసెన్సు షరతులు ఏమిటో కూడా చూసుకోవాలి.

అందుకునేవారికీ ఒక హెచ్చరిక. కొత్త ప్యాచ్ తెరిచే ముందు ధ్వని స్థాయిని పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్ చెవి నుంచి తీయాలి. తెరిచిన మరుక్షణం పెద్ద కేక వినిపించే ప్యాచ్‌లు లేకపోలేదు. పాత కంప్యూటర్లలో ధ్వని తునకలు తునకలుగా రావచ్చు. అప్పుడు శాంపిల్ రేటును 44,100 వద్ద ఉంచి, బ్లాక్ సైజు పెంచితే కొంత సర్దుకుంటుంది. అయినా కుదరకపోతే మాడ్యూళ్లు తగ్గించుకోవడమే మార్గం.

తంబురా ప్యాచ్‌ను ఇతరులకు ఇవ్వదలచినవారు మరొక పని చేయాలి. నాలుగు ఆసిలేటర్లనూ ఒకే వోల్టేజీ నాబ్‌కు తగిలించాలి. లేకపోతే శ్రుతి మార్చాలన్నప్పుడల్లా అందుకున్నవారు నాలుగు చోట్ల అంకెలు దిద్దుకోవలసి వస్తుంది. ఒకే నాబ్ ఉంటే దాన్ని వోల్టులో పన్నెండో వంతు జరిపితే ఒకటిన్నర శ్రుతి, ఆరో వంతు జరిపితే రెండో శ్రుతి. తంతుల నడుమ నిష్పత్తి చెక్కుచెదరకుండా నాలుగూ కలిసి పైకి జరుగుతాయి.