మంగోలుల దాయాదిపోరు

కత్తితో గడించిన రాజ్యమును పంచుకొనుటకు నిశ్చితమైన ధర్మము లేనిచో నేమి జరుగునో తెలియగోరువారు 13వ శతాబ్దపు మంగోలుల చరిత్రమును చదువవలెను. 1227లో చెంఘిజ్ ఖాను మరణించునాటికి ఉత్తరచీనా మొదలు కాస్పియను సముద్రము వఱకు నాతని యాజ్ఞ చెల్లుచుండెను. పట్టమహిషి బూర్తెయందు గలిగిన కుమారులు నలువురు. జ్యేష్ఠుడగు జోచి జన్మమును రెండవవాడగు చఘతై శంకించెను. ఆ వైరమును మాన్పుటకై మూడవవాడగు ఒగెదైకి ఖాను పదవి నిర్ణయింపబడెను. కాని మంగోలుల యాచారము ననుసరించి తండ్రి గుడారమును, పొయ్యియు కడగొట్టు కుమారునివి. రషీదుద్దీను వ్రాసిన లెక్కనుబట్టి 129,000 సేనలో 101,000 కడగొట్టువాడగు తొలుయికి వచ్చెను. సింహాసన మొకరికి, సైన్య మొకరికి! వ్యాజ్యమునకు బీజ మిచ్చటనే పడెనని మా యభిప్రాయము.

ఖాను నెన్నుకొనునది కురుల్తాయి యను సభ. సభ యన్న పేరు విని మన పాఠకులు భ్రమపడరాదు. సేనాబలము గలవాని మాటయే యచ్చట తీర్పు. ఒగెదై 1241లో గతించినపిదప నాతని భార్య తొరెగెనె యైదేండ్లు రాజ్యము నడపి, 1246లో కుమారుడు గూయుకును గద్దె నెక్కించెను. వాడు రెండేండ్లకే మరణించెను. 1251లో జోచి కుమారుడు బాతు తోడ్పాటున తొలుయి కుమారుడు మోంగ్కె ఖాను కాగా, ఒగెదై వంశీయులు పలువురు హతులైరి.

మోంగ్కె 1259లో చీనా దండయాత్రలో మరణించెను. మరుసటి యేట తమ్ములు కుబ్లాయి, అరిఖ్ బొకె వేర్వేరు సభలు చేసికొని యిరువురును ఖానులైరి. ఈ కలహమును తేల్చినది ఖడ్గముకంటె ధాన్యము. రాజధాని కరకోరము పచ్చికబయళ్ల నడిమి నగరము. దాని తిండి చీనానుండి బండ్లమీద రావలెను. కుబ్లాయి యా బండ్లను నిలిపివేసెను. సామగ్రి సేకరించుటకై అరిఖ్ బొకె మధ్యాసియాకు బంపిన అల్ఘూ, సేకరించినదానిని తానే యుంచుకొని తిరుగబడెను! 1264లో అరిఖ్ బొకె యన్నకు లొంగిపోయెను.

ఇంతలో పడమట హులాగు అన్న మరణవార్త విని, పెక్కుసేనతో సిరియానుండి వెనుదిరుగగా, మిగిలిన కొద్దిసేనను 1260లో ఐన్ జాలూతువద్ద ఈజిప్టు మమ్లూకులు రూపుమాపిరి. జోచి కుమారుడు బెర్కె, కాకసస్ ప్రాంతపు పచ్చికబయళ్లకొఱకు 1262లో హులాగుతోనే యుద్ధమునకు దిగి, ఆ మమ్లూకులతోడనే చెలిమి చేసెను. ఒగెదై మనుమడు కైదు 1301లో చనిపోవువఱకు కుబ్లాయి వంశముతో పోరు మానలేదు.

ఇది మనకు బొత్తిగా దూరపు కథ కాదు. 1303లో చఘతై రాజ్యపు సేనలు తర్ఘీ నాయకత్వమున ఢిల్లీని ముట్టడించినపుడు, ఓరుగల్లుపైకి పోయి దెబ్బతిని మరలివచ్చిన అల్లాఉద్దీను సైన్యము నగరము చేరజాలకపోయెను.

1304లో దాయాదులు సంధి చేసికొని తెమూరు ఖానును పెద్దగా నంగీకరించిరి, అది పేరునకే. పారసీకమున హులాగు వంశీయుడు అబూ సయీదు 1335లో పుత్రహీనుడై మరణింపగా నా రాజ్యము ముక్కలయ్యెను. 1368లో మింగు సేనలు సమీపింపగా, కుబ్లాయి వంశపు చక్రవర్తి తొఘోన్ తెమూరు దాదు నగరమును విడిచి యుత్తరపు బయళ్లవైపు పలాయితుడయ్యెను.