పాము ఆటలో చలరాశులు

సెల్‌ఫోనులో పాము ఆటను ఎరుగని యిల్లు అరుదు. 1997లో నోకియా 6110 ఫోనుతో వచ్చిన ఈ ఆటను ఫిన్లండు దేశపు ఇంజనీరు టానెలి ఆర్మాంటో రూపొందించెను. తెరపై నల్లని గీత యొకటి ప్రాకుచు, మేత తినినకొలది పొడుగగుచుండును. తన్ను తాను కరచుకొన్నచో ఆట ముగియును.

ఫోను ఈ పామును కొన్ని అంకెలుగా గుర్తుంచుకొనును. ఆ అంకెలుండు చోట్లకే చలరాశులని పేరు. వంటింటి డబ్బాపై ‘కందిపప్పు’ అను చీటి మారదు. లోని సరకు మాత్రము పూటపూటకు మారుచుండును. చలరాశియు అట్టిదే. పాము తల యున్న గడిని తెలుపుటకు రెండు, పొడవునకు ఒకటి, దిక్కునకు ఒకటి, మార్కులకు ఒకటి కావలెను. శరీరపు గడులకు వేరుగ ఒక పట్టిక యుండవలెను.

ఆటకు ముందే వీనికి తొలి విలువల నీయవలెను. కొన్ని ప్రోగ్రాము భాషలలో ఇది మరచినచో, ఆ చోట పూర్వమున్న పనికిరాని అంకెయే నిలిచియుండును. ఎక్కడ ఇచ్చితిమనునదియు ముఖ్యమే. మేము మొదట ఇట్టి ఆట వ్రాసినపుడు, మార్కులను సున్న చేయు వాక్యమును పాము అడుగడుగునకు నడచు భాగములో పెట్టితిమి. పాము ఎంత మేసినను మార్కులు మరల సున్నకే వచ్చుచుండెను. ఒక సాయంత్రమంతయు ఫోనును నిందించితిమి!

దిక్కు సంగతి ఇంతకంటె చిక్కైనది. కుడికి పోవు పామును ఒక్కసారిగా ఎడమకు త్రిప్పిన మెడను కరచును. కావున ఎదురు దిక్కు మీటను లెక్కచేయవలదని వ్రాయుదుము. అది చాలదు. పాము ఒక గడి కదలులోపల ఆటగాడు ‘పైకి’, ‘ఎడమకు’ అను మీటలను చకచక నొక్కెననుకొందము. మొదటిదానితో దిక్కు ‘పైకి’ అయ్యెను. దానికి ‘ఎడమ’ ఎదురు కాదు గనుక రెండవదియు చెల్లెను. పాము ఇంకను కదలనేలేదు. కదలగనే మెడపై పడును. తప్పు వ్రాసినవారిది, ఓటమి ఆడినవానిది. కావున రెండు చలరాశులుంచవలెను: పాము కడపట నడచిన దిక్కు, ఆటగాడు కోరిన దిక్కు. మీటను నడచిన దిక్కుతో పోల్చి, కోరిన దిక్కును మాత్రమే మార్చవలెను. అడుగు వేయునపుడే కోరినది నడచినదగును.

డబ్బా పరిమాణమును చూడవలెను. 8 బిట్ల చోట 0 నుండి 255 వరకే పట్టును. 1980లో జపానులో వెలువడిన పాక్-మాన్ ఆటలో మజిలీల లెక్కకు ఇంతే చోటుంచిరి. 256వ మజిలీలో తెర కుడి సగము పిచ్చి అక్షరములతో నిండిపోవును. మన పాము తిరుగు మైదానము 20 అడ్డు, 20 నిలువు గడులైనచో, దాని పొడవు 400 వరకు పెరుగవచ్చును. దానికి 16 బిట్ల చోటు కేటాయించవలెను.